నడిమి నీళ్ళు

మా తమ్ముడికి ఆఫీసులో చలిమనిషి అని పేరు. మండే ఎండల్లో కూడా స్వెట్టర్ వేసుకుని తిరిగేవాడు. దానికి తోడు వాడు చేసే పని కూడా మంచు గురించే. ఈ మధ్యది కాదు, డెబ్బై కోట్ల ఏళ్ళ కిందటి మంచు. అప్పట్లో భూమి మొత్తం గడ్డకట్టిందట. ధ్రువాల దగ్గరే కాదు, నడినెత్తిన ఎండ కొట్టే భూమధ్యరేఖ దగ్గర కూడా సముద్రం మీద మంచు పేరుకుందట. ఒకటి రెండు శీతాకాలాలు కాదు, కోట్ల ఏళ్ళు అలాగే ఉండిపోయింది. అప్పటికి మనిషి లేడు, పశువు లేదు, చెట్టు లేదు. నీళ్ళలో కంటికి ఆననంత చిన్న నాచు మాత్రం ఉండేది. పైన అంత మందాన మంచు కప్పేస్తే ఆ నాచు ఎక్కడ తలదాచుకుంది, ఎలా బతికి బట్టకట్టింది అన్నది వాడి ప్రశ్న. ముప్పై ఏళ్ళప్పుడు పట్టుకున్న ప్రశ్న, యాభై నాలుగొచ్చినా వాణ్ణి వదల్లేదు.

నేను వాడి అక్కని. నేల లోపలి రాళ్ళని పరిశోధించే అదే ఆఫీసులో, పరీక్షకి రాళ్ళు కోసేదాన్ని. వాడు మేడ మీద అద్దాల గదిలో, నేను కింద రేకుల షెడ్డులో. అమ్మ పోయేనాటికి నాకు పదిహేను, వాడికి తొమ్మిది. నాన్నది షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో ఎవరో ఒకరు చదువు మానాలంటే నేను మానేశాను. త్యాగం గీగం ఏమీ లేదు, నాకు లెక్కలు రావు. తర్వాత ఈ ఆఫీసులో రంపం పని దొరికింది. వాడు పెద్ద చదువులు చదివి, తిరిగి తిరిగి నా షెడ్డు పైకే ఆఫీసరుగా వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో ఒరేయ్ అని, ఆఫీసులో సార్ అని పిలిచేదాన్ని. సార్ అన్నప్పుడల్లా నా గొంతులో వెటకారం పలుకుతుందని వాడి ఫిర్యాదు. పలికేది కూడా.

కోపం నాకు పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు వాడి మీద చెయ్యి చేసుకునేదాన్ని. ఒకసారి గట్టిగా కొడితే వాడి చెవి రెండు రోజులు ఎర్రగా ఉండిపోయింది. అది చూసి నేనే భయపడి ఒక కట్టుబాటు పెట్టాను. కోపం వస్తే కొట్టుకోవడం లేదు, తిట్టుకోవడం లేదు, రెండు రోజులు మాటలు బంద్. మూడో రోజు పొద్దున్న ఎవరు ముందు లేస్తే వాళ్ళు రెండో వాళ్ళకి టీ పెట్టి ఇవ్వాలి, ఆ తర్వాత పాత సంగతి ఎత్తకూడదు. మాకు పెళ్ళిళ్ళయ్యాక కూడా ఇదే నడిచింది. మా ఆయన ఉన్నన్నాళ్ళూ దీన్ని చూసి నవ్వేవాడు. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, కొత్తల్లో బెంగపడేది. తర్వాత ఆవిడ కూడా క్యాలెండరు చూసుకుని, ఎల్లుండికి మామూలే కదా వదినా అనేది.

వాడి పేరు బయట పదిమందికీ తెలిసింది ఒక్క విషయం వల్ల. దాన్ని వాడు నడిమి నీళ్ళు అనేవాడు. అదేమిటో చెప్పాలంటే ముందు నా పని చెప్పాలి.

బోరు వేసినప్పుడు నేల లోపల్నుంచి మోచేయంత లావున గుండ్రటి రాతి కడ్డీ బయటికొస్తుంది. దాన్ని కోర్ అంటాం. వచ్చేటప్పుడే ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని వరస తప్పకుండా రేకు పెట్టెల్లో పేరుస్తారు. ప్రతి ముక్క మీదా పొడుగునా రెండు గీతలు గీస్తారు, ఎరుపొకటి, నలుపొకటి. ముక్కని నిలబెట్టినప్పుడు ఎరుపు కుడివైపు, నలుపు ఎడమవైపు ఉంటే తల పైకి ఉన్నట్టు. ఎరుపు ఎడమకి వచ్చిందంటే రాయి తలకిందులుగా ఉన్నట్టు. రాతికి తలా కాళ్ళూ తెలిసేది ఆ రెండు గీతల వల్లే. నేను వజ్రపు పళ్ళ రంపంతో ఆ కడ్డీని నిలువునా రెండుగా చీలుస్తాను. ఒక సగం ఆఫీసర్లు చూసుకోవడానికి, రెండో సగం ముట్టుకోకుండా దాచిపెట్టడానికి. కోసిన ముఖం మీదే పొరలు బాగా కనబడతాయి కాబట్టి, కోశాకే వాడు వచ్చి బొమ్మ గీసుకునేవాడు.

ఆ బోరు ఒక లోయలో వేశారు. తర్వాత అక్కడ ఆనకట్ట కట్టారు, చోటు మునిగిపోయింది. ఇంకో బోరు వేసే వీలు ఎన్నడూ లేదు. ఉన్నది ఆ ఒక్క కోరే. దాంట్లో కింద అంతా మంచు ఈడ్చుకొచ్చిన గులకరాళ్ళ మట్టి. పైన సున్నపురాయి, అంటే మంచు కరిగిపోయి సముద్రం వెచ్చబడ్డాక పేరుకున్నది. ఈ రెండిటి మధ్య, అరవై మూడో పెట్టెలో, మూరెడు ముక్క ఒకటి ఉంది. దాని కింది సగం పలచటి పొరల బురద రాయి, అందులో నాచు ఆనవాళ్ళు. పై సగం మళ్ళీ గులకరాళ్ళ మట్టి. అంటే ఏమిటి? మంచు కప్పింది, మధ్యలో ఎక్కడో సముద్రం తెరుచుకుంది, అందులో నాచు బతికింది, మళ్ళీ మంచు కప్పింది. భూమి అంతా బిగుసుకుపోయినప్పుడు కూడా ఒక చోట నీళ్ళు కదులుతూనే ఉన్నాయి. ఆ మూరెడు రాయి పట్టుకుని వాడు దేశాలు తిరిగాడు. ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకున్నారు, వాదించినవాళ్ళు వాదించారు. వచ్చే ఏడాది స్కూలు పుస్తకంలో కూడా పాఠంగా వస్తుందన్నారు. ఆ మాట విన్న రోజు వాడు షెడ్డులోకి దిగి వచ్చి, నా రబ్బరు ఏప్రన్‌కి ఉన్న బురద చూసుకోకుండా నన్ను వాటేసుకున్నాడు. స్వెట్టర్ అంతా బురదైంది.

ఆ తర్వాత మూడు నెలలకే వాడికి క్లోమంలో గడ్డ అని తేలింది. పెద్ద డాక్టరు మా మరదల్నీ నన్నూ కూర్చోబెట్టి, నెలల మాట వద్దు, వారాల్లో ఆలోచించుకోండి అన్నాడు. నేను ఆయన్ని తిట్టాను.

ఆసుపత్రి మంచం మీద వాడికి మిగిలిన ఆశ ఒక్కటే. మేడ మీదికి కొత్తగా ఒక పరిశోధక అమ్మాయి వచ్చింది. షెడ్డులో అందరం కొత్తమ్మాయి అంటాం. ఆ అమ్మాయి దగ్గర కొత్త యంత్రం ఉంది. ఆ బురద రాయిలోంచి వేలెడు ముక్క ఇస్తే, అందులోని నాచు ఎలాంటి నీళ్ళలో బతికిందో చెప్పగలదట. ఆఫీసర్ల సగం ఇన్నేళ్ళలో అరిగి, తరిగి పోయింది కాబట్టి, దాచిపెట్టిన సగాన్ని కోయడానికి వాడే సంతకం పెట్టాడు. పోయేలోపు నడిమి నీళ్ళకి ఇంకో సాక్ష్యం చూసి పోవాలని వాడి కోరిక. రోజూ నేను గదిలోకి అడుగు పెట్టగానే మొదటి మాట, కోశావా అక్కా.

సోమవారం కోశాను.

పెట్టె దించి, దాచిన సగాన్ని తీసి, రంపానికి బిగించి, నీళ్ళు వదిలాను. రంపం నడుస్తున్నంతసేపూ దాని మీద నీళ్ళు పారుతూ ఉండాలి, లేకపోతే బ్లేడు కాలిపోతుంది. కోత అయ్యాక ముక్కని కడిగి చూస్తే బురద పొరల మధ్యలో నిమ్మకాయంత రాయి. ఇన్నేళ్ళూ లోపలే దాక్కుని ఉంది, మేము కోసిన మొదటి ముఖం దాకా రాలేదు. ఇలాంటి రాళ్ళు నేను వందల్లో చూశాను. తేలే మంచుగడ్డలో ఇరుక్కున్న రాయి, గడ్డ కరగగానే ఊడి సముద్రం అడుక్కి పడుతుంది. వెనకటికి వాడు నాకిది ఇంట్లో దుప్పట్లతో చూపించాడు. మడతపెట్టిన దుప్పట్ల దొంతర మీద ఇస్త్రీపెట్టె పడేశాడు. కింది దుప్పట్లు కుంగిపోయాయి. తర్వాత దాని మీద ఇంకో దుప్పటి కప్పితే అది మెత్తగా పైనుంచి జారి కూర్చుంది. రాయి కింద పొరలు కుంగి, చిరిగి ఉంటాయి, పైన పొరలు నెమ్మదిగా కప్పుకుని ఉంటాయి అక్కా, ఇది మాత్రం ఎప్పుడూ తప్పదు అన్నాడు.

నా చేతిలో ఉన్న ముక్కలో పొరలు రాయికి పైన కుంగి ఉన్నాయి. రాయి పైకి పడినట్టు.

గీతలు చూశాను. ఎరుపు కుడి, నలుపు ఎడమ, సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఎందుకంటే ఆ గీతలు గీసింది నేను.

పందొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆ రోజు బయటి దేశాలవాళ్ళు నలుగురు షెడ్డు చూడటానికి వచ్చారు. వాడు వాళ్ళని వెంటబెట్టుకుని తిరుగుతూ నా దగ్గర ఆగాడు. గాజు పలక మీద నేను అరగదీసిన రాతి పొరని ఎత్తి వెలుతురులో చూసి, మందంగా ఉంది, మళ్ళీ చెయ్యాలి అన్నాడు. సరే, అది పని మాట. వచ్చినవాళ్ళలో ఒకాయన నావైపు చూసి ఎవరని అడిగాడు. ఈవిడ మా రాళ్ళు కోసే ఆవిడ అన్నాడు వాడు. అంతే. అక్క అనలేదు. ఒక్క ముక్క, మా అక్క అంటే వాడి సొమ్మేం పోయేదో నాకు ఇప్పటికీ తెలీదు. వాళ్ళు వెళ్ళాక నేను వాడివైపు చూడలేదు. వాడికి అర్థమైంది. మాటలు బంద్.

ఆ మధ్యాహ్నమే అరవై మూడో పెట్టె కోతకి వచ్చింది. స్టోర్సు వాళ్ళు ఇచ్చిన మార్కరు ఇంకు నీళ్ళకి ఆగేది కాదు. మూడో ముక్క చీల్చేసరికి రెండు గీతలూ కొట్టుకుపోయాయి. విరిగిన చివర్లు పక్క ముక్కలకి ఆనించి చూస్తే తెలిసిపోయేది, కానీ రంపం పట్టులో సరిగ్గా కూర్చోవడం కోసం ముందే రెండు చివర్లూ సాపు చేసేశాను. రాయి నా చేతుల్లో ఉంది, తల ఏదో కాళ్ళు ఏవో తెలీదు. వాడు పక్క బల్ల దగ్గర, నాలుగడుగుల దూరంలో, వంగి ఏదో రాసుకుంటున్నాడు. రాయి బయటికి తీసినప్పుడు లోయలో ఉన్నది వాడే, చూస్తే చెప్పేవాడు. అడగాలి. అడిగితే ముందు నేను మాట్లాడినట్టవుతుంది. ఛస్తే అడగను అనుకున్నాను. గులకరాళ్ళ వైపు పైకి పెట్టి, రెండు సగాల మీదా ఈసారి నీళ్ళకి చెరగని రంగుతో గీతలు గీసి, పెట్టెలో పెట్టేశాను. మాటలు కలిశాక అడిగి సరిచేద్దాంలే అనుకున్న మాట కూడా నాకు గుర్తుంది. మూడో రోజు పొద్దున్న వాడే మా ఇంటికొచ్చి టీ పెట్టాడు. చక్కెర బదులు ఉప్పు వేశాడు. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళొచ్చాయి, పెట్టె సంగతి మర్చిపోయాను.

ఆ ముక్కని తిప్పి పెడితే కథంతా మారిపోతుంది. కింద గులకరాళ్ళ మట్టి, దాని మీద బురద, దాని మీద సున్నపురాయి. మంచు కప్పింది, కరిగింది, అంతే. మధ్యలో ఏ నీళ్ళూ తెరుచుకోలేదు. మా తమ్ముడి పందొమ్మిదేళ్ళ పని మొత్తం నా పౌరుషం మీద నిలబడి ఉంది.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే, కోశావా అక్కా అన్నాడు. రంపం పాడైందిరా, బ్లేడు రావాలి అన్నాను. మంగళవారం కూడా అదే చెప్పాను. మరదల్ని వరండాలోకి పిలిచి ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ స్కూలు టీచరు, నిదానస్తురాలు. చెప్పొద్దు వదినా, ఇంకెన్నాళ్ళని, ఆ ఒక్కటి పెట్టుకునే పోనీండి అంది. నాకూ అదే న్యాయంగా తోచింది. కొత్తమ్మాయికి మాత్రం ముక్క చూపించాల్సి వచ్చింది. ఆ అమ్మాయి రాయి చూసి, నన్ను చూసి, తలుపు గడియ వేసింది. సర్ ఉన్నంతవరకు నేను ఏమీ రాయను అంది. అందరం కలిసి వాడికి మంచి చేస్తున్నామనే అనుకున్నాం.

బుధవారం నేను వెళ్ళేసరికి వాడు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం పిడికెడైపోయింది. ఆ స్వెట్టరే వేసుకున్నాడు, లోపల ఇంకో మనిషి పట్టేంత వదులు. ఈసారి కోశావా అని అడగలేదు.

"రంపం పాడైతే నువ్వు రంపాన్ని తిడతావు," అన్నాడు. "కొన్నవాణ్ణి తిడతావు, అమ్మినవాణ్ణి తిడతావు. మూడు రోజులుగా ఒక్క తిట్టు కూడా లేదు. ఏం కనబడింది అక్కా?"

ఏమీ కనబడలేదని అనబోయాను. కానీ ముక్క నా సంచిలోనే ఉంది, తువ్వాలులో చుట్టి సోమవారం నుంచీ మోస్తూనే ఉన్నాను, ఎందుకో నాకే తెలీదు. తీసి వాడి దుప్పటి మీద పెట్టాను. వాడు కళ్ళజోడు పెట్టుకుని, గీతలు చూసి, ముక్కని సరిగ్గా నిలబెట్టుకున్నాడు. బొటనవేలితో పొరల వెంట రాసుకుంటూ వచ్చాడు. రాయి దగ్గర వేలు ఆగింది. తర్వాత రెండు చేతులతో, పసిపిల్లని తిప్పినంత జాగ్రత్తగా, ముక్కని తలకిందులు చేసి చూశాడు. అంతే, ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

"గీతలెవరు గీశారు?"

"నేనే. పాతవి నీళ్ళకి పోయాయి. అప్పుడు మనకి మాటల్లేవు."

వాడు ఏ రోజని అడగలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"పక్క బల్ల దగ్గరే ఉన్నాను కదా అక్కా," అన్నాడు. "ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి."

నన్ను నిలబెట్టి చెప్పుతో కొట్టినా నాకు అంత నొప్పి పుట్టేది కాదు. వాడు ముక్కని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ తనలో తాను చెప్పుకున్నట్టు అన్నాడు, అయితే అవి మంచు కరిగాక వచ్చిన నీళ్ళే, మధ్యలో ఏమీ తెరుచుకోలేదు, ఆ నాచు ఎక్కడ దాక్కుందో నాకు తెలీదు అని. ఆ ఆఖరి మాట రెండుసార్లు అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి వాడి నోట తెలీదు అన్న మాట నేను వినలేదు.

తర్వాత నావైపు తిరిగి, "రెండు రోజులు అక్కా," అన్నాడు.

నేను తలూపి బయటికి వచ్చాను. మరదలు నన్ను చూసి, చెప్పేశారా అని అడిగి, తను లోపలికి వెళ్ళింది.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల వరస ఉంది, చివరి కుర్చీలో కూర్చున్నాను. అక్కణ్ణుంచి వాడి గది తలుపు కనబడుతుంది. గురువారం పొద్దున్న కొత్తమ్మాయి కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్ళింది. రెండు గంటలు ఉంది. బయటికి వచ్చేటప్పుడు నా దగ్గర ఆగబోయి, ఆగకుండా వెళ్ళిపోయింది. నర్సు రెండుసార్లు వచ్చి, లోపలికి వెళ్ళండమ్మా, చూడొచ్చు అంది. ఎల్లుండి వెళ్తానన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. వింతే మరి. వాడికి మిగిలిన రోజులే వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉంటే, అందులో రెండు తీసి పక్కన పెట్టాం. ఎప్పుడో చిన్నతనంలో నేను పెట్టిన కట్టుబాటు అది, నేనే తప్పితే ఎలా అనుకున్నాను. లోపలికి వెళ్ళి వాడి కాళ్ళు పట్టుకోవాలని ఎన్నిసార్లు అనిపించిందో. వాణ్ణి పూర్తిగా కోపపడనివ్వాలి, ఆ కోపాన్ని కూడా నేను లాక్కోకూడదు అని నన్ను నేను ఆపుకున్నాను. శనివారం పొద్దున్న ఫ్లాస్కులో టీ తెచ్చి నేనే ముందు మాట్లాడదామని, ఏం మాట్లాడాలో కూడా కూడబలుక్కున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక మరదలు తలుపు తీసి నిలబడింది. నేను లేచి పరుగెత్తి లోపలికి వెళ్ళేసరికి నర్సు వాడి చేతికున్న సూది తీసేస్తోంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఆ చెయ్యి పట్టుకుని నోటికొచ్చినవన్నీ మాట్లాడాను. ఎంత మాట్లాడితే ఏం లాభం.

పదకొండో రోజున ఆఫీసు మీటింగు హాల్లో సంతాపసభ పెట్టారు. మరదలు ముందు వరసలో, నేను పక్కన. డైరెక్టరు మైకు దగ్గరికి వచ్చి, మిత్రుడు ఆఖరి రోజుల్లో రాయించి సంతకం పెట్టిన ఉత్తరం ఒకటి ఉంది, పత్రికకి పంపాం, మీ అందరికీ చదవమని ఆయన కోరాడు అన్నారు. నడిమి నీళ్ళని వెనక్కి తీసుకుంటున్నాను అని ఉంది మొదటి వాక్యం. హాలంతా గుసగుసలు. తర్వాత, అరవై మూడో పెట్టెలో మూడో ముక్క తలకిందులుగా పెట్టబడింది, చెరిగిపోయిన గీతల్ని మళ్ళీ గీసింది నేనే, సరిచూసుకోకపోవడం నా అజాగ్రత్త, దీనికి ఇంకెవరూ బాధ్యులు కారు అని. కింద వాడి సంతకం.

డైరెక్టరు కళ్ళు తుడుచుకున్నారు. తన తప్పు తానే బయటపెట్టుకుని పోయిన ఇలాంటి మనిషిని మళ్ళీ చూడలేం అన్నారు. జనం చప్పట్లు కొట్టబోయి, సంతాపసభ అని గుర్తొచ్చి ఆపుకున్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఆ గీతలు గీసింది నేను అన్నాను. అందరూ నావైపు తిరిగారు. ఆ రోజు నాకు వాడి మీద కోపం, ఏది తలో అడగకుండా గీశాను, వాడికి ఏ పాపమూ తెలీదు, ఆ ఉత్తరం అబద్ధం అన్నాను. నా గొంతు పెద్దది, మైకు అక్కర్లేదు. హాల్లో ఒక్కరైనా కోప్పడతారని చూశాను. ఎవరూ కోప్పడలేదు. వెనక ఎవరో, పాపం అక్క ప్రాణం అన్నారు. ఇంకెవరో, పోయినవాడి మీద మాట పడనివ్వకూడదని అలా అంటోంది అన్నారు. డైరెక్టరు నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, కూర్చోండమ్మా, మీ బాధ మాకు అర్థమవుతుంది అన్నారు. కావాలంటే గీతలు చూడండి, నా చెయ్యి తెలుస్తుంది అన్నాను. ఆయన జాలిగా చూశారు. నిలువు గీతకి చేతిరాత ఏముంటుంది, ఎవరు గీసినా ఒకటే.

సభ అయ్యాక కొత్తమ్మాయిని మెట్ల కింద నిలదీశాను. నీకు తెలుసు కదా, నువ్వు రాస్తూ ఎందుకు ఆపలేదు అన్నాను. ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. తనూ అడిగిందట, గీతలు అక్కగారు గీశారు కదా సర్ అని. దానికి వాడు ఇలా చెప్పాడట.

"అక్క ఆ రోజు నన్ను ఎందుకు అడగలేదో రాయాలంటే, నలుగురి ముందు ఆవిడ మా అక్క అని నేనెందుకు చెప్పలేదో కూడా రాయాలమ్మా. తప్పు అక్కడ మొదలైంది. నా పేరే రాయి."

అంటే పందొమ్మిదేళ్ళుగా అది వాడికీ గుర్తుంది. ఆ సంగతి ఇద్దరం ఎన్నడూ ఎత్తలేదు, ఎత్తకూడదని కదా ఒప్పందం. ఆ అమ్మాయిని ఇంకో మాట అడిగాను. ఇది రాయించేటప్పుడు వాడు నా మీద కోపంగా ఉన్నాడా అని. ఏమోనండీ, తలుపు వైపు రెండు మూడుసార్లు చూశారు అంది. నేను అక్కడే, ఆ తలుపు అవతల, కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎందుకు చూశాడో, పిలుద్దామనుకున్నాడో, నేను వస్తానేమోనని చూశాడో ఎవరు చెప్తారు.

నేనూ పత్రికకి ఉత్తరం రాశాను. లెక్కలు రావు గానీ రాయడం వచ్చు. రెండు నెలలకి జవాబొచ్చింది. ఆయన ఉత్తరం వేసేశామని, మీకు మా సానుభూతి అని.

ఇప్పుడు ఆఫీసు గుమ్మంలో, వచ్చేపోయే స్కూలు పిల్లలకి కనబడేలా ఆ ముక్కని అద్దాల పెట్టెలో పెడుతున్నారు. తల పైకి, కాళ్ళు కిందికి, సరిగ్గా. పక్కన చిన్న అట్ట మీద వాడి పేరు, తన పొరపాటుని తానే సరిదిద్దుకున్న శాస్త్రవేత్త అని. రాయి ముఖానికి అద్దంలా మెరుగు పెట్టాలన్నారు. ఆ పని ఆఫీసులో నాకు తప్ప ఎవరికీ చేతకాదు, రిటైర్మెంటుకి ముందు నాకు అప్పజెప్పిన ఆఖరి పని అదే. ముతక పొడితో ఒక రోజు, సన్న పొడితో ఒక రోజు, మూడో రోజు ఉత్త గుడ్డతో రుద్దాను. పొరలన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి, నిమ్మకాయంత రాయి, దాని కింద కుంగిన పొరలు, పైన కప్పుకున్న పొరలు. పని చేస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. నీళ్ళు పోసుకుంటూ చేసే పని కాబట్టి షెడ్డులో ఎవరూ గమనించలేదు.